4 ఓమ్‌ల కథ: మా జీపులో ఆంప్లిఫయర్ ఎందుకు కాలింది?

పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి. మన ఊళ్ళలో జీపుల్లో, ఆటోల్లో, ట్రాక్టర్ల మీద బాక్సులు కట్టే తమ్ముళ్ళు మాత్రం చివరి దాకా చదవాలి. ఇది చరిత్రే, కానీ మన జేబుకి సంబంధించిన చరిత్ర.

పోయిన ఆగస్టు 9న, ఆదివాసీ దినోత్సవం నాడు మా ఊరి నుంచి ర్యాలీ పెట్టుకున్నాం. మా మామ కమాండర్ జీపు వెనక 12 అంగుళాల సబ్‌వూఫర్లు రెండు, ఒక ఆంప్లిఫయర్ బిగించాం. మామ కాఫీ గింజలు అమ్మి దాచుకున్న డబ్బుల్లో కొంత తీసాడు. హాస్టల్ కుర్రాళ్ళం కొంత చందా వేసుకున్నాం. వైర్లు కలిపే పని వచ్చేసరికి అందరూ నా వైపు చూసారు. "నువ్వు కాలేజీలో చదువుతున్నోడివి, నువ్వే కలుపు" అన్నారు. మా ఇంట్లో కాలేజీ మెట్లు ఎక్కింది నేనొక్కడినే. కాదంటే పరువు పోతుందని కలిపేసాను. ఎర్ర వైర్లన్నీ ఒక దగ్గర, నల్ల వైర్లన్నీ ఒక దగ్గర. అంతే.

పావుగంట బ్రహ్మాండంగా మోగింది. థింసా పాట రెండోది మొదలయ్యేసరికి ఏదో మాడిన వాసన. తర్వాత సన్నగా పొగ. తర్వాత మౌనం. "ఏటైందిరా అల్లుడూ?" అన్నాడు మామ. నా దగ్గర జవాబు లేదు. ఊళ్ళో పెద్దోళ్ళు తుడుము, డప్పు, కిరిడి తెచ్చారు కాబట్టి ర్యాలీ ఆగలేదు. నేను మాత్రం జీపు దగ్గరే ఉండిపోయాను.

తర్వాత రిపేరు షాపుకి పట్టుకెళ్తే అక్కడాయన మూత తీసి చూసి, "ఓమ్స్ మ్యాచ్ అవలేదు" అని ఒక్క ముక్క చెప్పాడు. ఆ ముక్క వినగానే నాకు సిగ్గేసింది. ఎందుకంటే ఓమ్ నియమం నాకు కొత్త కాదు. పదో తరగతిలో రాసాను, మార్కులు కూడా బాగానే వచ్చాయి. పుస్తకంలో ఉన్న ఓమ్, మా జీపులో ఉన్న ఓమ్ ఒకటేనని మాత్రం ఆ రోజు నాకు తట్టలేదు.

అప్పట్నుంచి రెండు ప్రశ్నలు పట్టుకుని చదివాను. కారు స్పీకర్ల మీద ఎప్పుడు చూసినా 4 ఓమ్‌లు అని ఎందుకుంటుంది? "మ్యాచ్" అంటే అసలు ఏంటి? ఈ రెండింటికీ జవాబు వెతుకుతూ పోతే దాదాపు 200 ఏళ్ళు వెనక్కి పోవాల్సి వచ్చింది.

తాళాలు చేసేవాడి కొడుకు

జార్జ్ సైమన్ ఓమ్ 1789లో జర్మనీలోని ఎర్లాంగెన్ అనే ఊళ్ళో పుట్టాడు. తండ్రి తాళాలు చేసే పనివాడు. తల్లి ఒక దర్జీ కూతురు. ఆమె ఓమ్‌కి పదేళ్ళప్పుడే చనిపోయింది. తండ్రి పెద్ద బడుల్లో చదివినవాడు కాదు. కానీ సొంతంగా లెక్కలు నేర్చుకుని, ఇద్దరు కొడుకులకీ తనే చెప్పాడు. పెద్దోడు ఓమ్ అయ్యాడు, చిన్నోడు మార్టిన్ గణిత ఆచార్యుడయ్యాడు.

ఓమ్ 1817 నుంచి కొలోన్ నగరంలో ఒక హైస్కూల్లో లెక్కలు, భౌతికశాస్త్రం చెప్పేవాడు. ఆ స్కూలు ల్యాబులోనే 1825, 1826 సంవత్సరాల్లో ప్రయోగాలు చేసాడు. తండ్రి దగ్గర లోహం పని చూసి పెరిగినవాడు కాబట్టి పరికరాలు సొంతంగా చేసుకోవడం అతనికి కష్టం కాలేదు. అప్పటి బ్యాటరీలతో పెద్ద చిక్కు ఉండేది. వాటి వోల్టేజ్ నిలకడగా ఉండేది కాదు, కొలుస్తుండగానే పడిపోయేది. అందుకే ఓమ్ బ్యాటరీ పక్కన పెట్టి, బిస్మత్, రాగి కలిపిన జంట తీసుకున్నాడు. ఒక అతుకు మరిగే నీళ్ళలో, ఇంకో అతుకు మంచులో పెట్టాడు. ఆ రెండు వేడిమిల తేడా మారదు కాబట్టి వోల్టేజ్ కూడా మారదు. తర్వాత రకరకాల పొడవుల వైర్లు పెట్టి, ఒక్కోదాంట్లో ఎంత కరెంటు పోతుందో కొలిచాడు.

1827లో పుస్తకం వేసాడు. మనం బట్టీ పట్టిన నియమం అదే: వోల్టేజ్ = కరెంటు × నిరోధం. ఇప్పుడు ఇది పదో తరగతి పిల్లలకి కూడా తెలుసు. అప్పుడు మాత్రం జర్మనీలో చాలామంది పెద్దలు దాన్ని లెక్కచేయలేదు. ఓమ్ కొలోన్ ఉద్యోగం వదిలేసాడు. కొన్నేళ్ళు బెర్లిన్‌లో చిన్నాచితకా పాఠాలు చెప్పుకుని బతికాడు. 1833లో న్యూరెంబర్గ్‌లో ఉద్యోగం దొరికింది. 1841లో లండన్ రాయల్ సొసైటీ కాప్లీ పతకం ఇచ్చింది. అతను కోరుకున్న యూనివర్సిటీ ఆచార్యుడి కుర్చీ మ్యూనిక్‌లో 1852లో గానీ రాలేదు. 1854లో చనిపోయాడు. 1881లో పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ విద్యుత్ సభ నిరోధం కొలతకి అతని పేరు ఖాయం చేసింది. మన సబ్‌వూఫర్ వెనక స్టిక్కర్ మీద ఉన్నది ఆ పేరే.

తీగ చుట్టకి గొంతు వచ్చిన కాలం

స్పీకర్ అంటే నిజానికి ఒక సన్నని రాగి తీగ చుట్ట. దాన్ని వాయిస్ కాయిల్ అంటాం. అది అయస్కాంతం సందులో వేలాడుతూ ఉంటుంది. కరెంటు అటూఇటూ మారితే చుట్ట ముందుకీ వెనక్కీ కదులుతుంది. చుట్టకి అంటించిన కాగితం గిన్నె గాలిని నెడుతుంది. అదే చప్పుడు.

ఈ ఆలోచన మీద 1898లో ఇంగ్లండులో ఆలివర్ లాడ్జ్ పేటెంటు తీసుకున్నాడు. 1915లో కాలిఫోర్నియాలో పీటర్ జెన్సన్, ఎడ్విన్ ప్రిధమ్ దాంతో జనం ముందు వాడే లౌడ్‌స్పీకర్ చేసారు. మనం ఈ రోజు వాడే రూపానికి దగ్గరగా తెచ్చింది జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో పనిచేసిన చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్. వాళ్ళ పరిశోధన పత్రం 1925లో వచ్చింది. వందేళ్ళు దాటింది, సూత్రం మాత్రం అదే.

కాయిల్ కూడా ఒక తీగే కాబట్టి దానికీ ఓమ్‌లు ఉంటాయి. ఒక తేడా ఉంది. పాట మోగేటప్పుడు కరెంటు దిక్కు మారుతూ ఉంటుంది, కాయిల్ కదులుతూ ఉంటుంది. అందుకని దాని అడ్డు ఒకే అంకె దగ్గర ఆగదు. ఒక్కో స్వరానికి ఒక్కోలా మారుతుంది. దీన్ని ఇంపిడెన్స్ అంటారు. స్టిక్కర్ మీద "4 ఓమ్‌లు" అని ఉందంటే సుమారుగా చెప్పిన అంకె అని అర్థం. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం అసలు ఇంపిడెన్స్, రాసిన అంకెలో 80 శాతం కంటే కిందికి పోకూడదు. అంటే 4 ఓమ్‌ల స్పీకర్ 3.2 దాకా దిగొచ్చు. మల్టీమీటరు పెడితే సాధారణంగా 3.2 నుంచి 3.7 మధ్య చూపిస్తుంది. "4 అని రాసి 3.5 చూపిస్తోంది, మోసం" అనుకోవద్దు. అది మామూలే.

"మ్యాచ్" అనే మాట ఎక్కడ పుట్టింది

మొదట్లో ఆంప్లిఫయర్లు గాజు ట్యూబులతో చేసేవాళ్ళు. మన దగ్గర పాత రేడియోల్లో వెలుగుతూ కనిపించేవి అవే. ట్యూబుకి వోల్టేజ్ చాలా కావాలి, కరెంటు తక్కువ ఇస్తుంది. అది సరిగ్గా పనిచేయాలంటే ఎదురుగా కొన్ని వేల ఓమ్‌ల లోడు కావాలి. స్పీకరేమో 8 ఓమ్‌లు. ఏనుగుని, మేకని ఒకే కాడికి కట్టినట్టు.

అందుకని మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ పెట్టేవాళ్ళు. ట్రాన్స్‌ఫార్మర్ ఓమ్‌లని చుట్ల నిష్పత్తి వర్గం చొప్పున మారుస్తుంది. ఉదాహరణకి 25 చుట్లకి 1 చుట్టు అయితే 25 × 25 = 625 రెట్లు. 8 ఓమ్‌ల స్పీకర్ ట్యూబుకి 5,000 ఓమ్‌లుగా కనిపిస్తుంది. వెనకాల 4, 8, 16 అని వేరువేరు స్క్రూలు ఉండేవి. మన స్పీకర్ ఎంతో చూసి ఆ స్క్రూకే బిగించాలి. 8ని 8కి, 16ని 16కి. "మ్యాచ్ చేయడం" అంటే ఆ కాలంలో నిజంగానే జత కలపడం.

ట్రాన్సిస్టర్ 1947లో అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో పుట్టింది. ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయర్లు వచ్చాక క్రమంగా ఆ ట్రాన్స్‌ఫార్మర్ పోయింది. మాట మాత్రం మిగిలిపోయింది. ఇప్పటి ఆంప్లిఫయర్ ఎంత లోడు పెట్టినా దాదాపు అదే వోల్టేజ్ ఇవ్వాలని చూస్తుంది. అది "ఇంత కంటే ఎక్కువ ఓమ్‌లు వద్దు" అనదు. "ఇంత కంటే తక్కువ వద్దు" అంటుంది. అంటే ఇప్పుడు మ్యాచ్ అంటే జత కాదు, ఒక గీత. ఆ గీత కిందికి దిగకూడదు. షాపాయన వాడింది పాత మాట. అర్థం మాత్రం కొత్తది. నాకు ఇది అర్థం కావడానికే చాలా రోజులు పట్టింది.

కారులోకి రేడియో

చికాగోలో పాల్ గాల్విన్ కంపెనీ 1930లో కారులో పెట్టే రేడియో తెచ్చింది. దానికి మోటోరోలా అని పేరు పెట్టాడు. తర్వాత ఆ పేరే కంపెనీ పేరయింది. అప్పటి కార్లలో ఎక్కువగా 6 వోల్టుల బ్యాటరీ. ట్యూబులకేమో వందల వోల్టులు కావాలి. మొదట్లో కారు కింద వేరే బ్యాటరీలు మోసేవాళ్ళు. తర్వాత వైబ్రేటర్ అనే చిన్న డబ్బా వచ్చింది. దాని లోపల ఒక రేకు గడగడా కొట్టుకుంటూ బ్యాటరీ కరెంటుని తెగ్గొడుతుంది. అలా తెగిన కరెంటుని ట్రాన్స్‌ఫార్మర్ పైకి లేపుతుంది. ఈ వైబ్రేటర్‌ని గుర్తు పెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

1950ల మధ్యలో అమెరికా కార్లు 12 వోల్టులకి మారాయి. 1955లో క్రైస్లర్, ఫిల్కో కంపెనీలు మొత్తం ట్రాన్సిస్టర్లతో చేసిన కారు రేడియో ప్రకటించాయి. ధర 150 డాలర్లు. ట్రాన్సిస్టర్‌కి వందల వోల్టులు అక్కర్లేదు, కారు బ్యాటరీయే చాలు. వైబ్రేటర్ పనైపోయింది. కానీ కొత్త ఇబ్బంది మొదలైంది. ఇక్కడే మన 4 ఓమ్‌లకి కారణం ఉంది.

కాగితం తీసుకుని లెక్క చూడండి. ఇంజిను తిరిగేటప్పుడు కారులో సుమారు 14.4 వోల్టులు ఉంటాయి. మామూలు ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయర్‌లో శబ్దం మధ్య నుంచి పైకి 7.2, కిందికి 7.2 ఊగగలదు. దాన్ని 1.414తో భాగిస్తే పనికొచ్చే వోల్టేజ్ 5 పైచిలుకు. శక్తి = వోల్టేజ్ × వోల్టేజ్ ÷ ఓమ్‌లు. ఇంట్లో వాడే 8 ఓమ్‌ల స్పీకర్ పెడితే 3 వాట్లు. అదే 4 ఓమ్‌లు పెడితే 6 వాట్లు. రోడ్డు మీద ఇంజిను మోత, గాలి మోత మధ్య 3 వాట్లు ఏం వినిపిస్తాయి?

ఇంట్లో అయితే గోడ కరెంటు ఉంది, ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి కావలసినంత వోల్టేజ్ తెచ్చుకోవచ్చు. కారులో 12 వోల్టులు దాటి దొరకదు. వోల్టేజ్ పెంచలేనప్పుడు మిగిలిన దారి ఓమ్‌లు తగ్గించడం. అందుకే ఇంటి స్పీకర్ ఎక్కువగా 8 దగ్గర ఉండిపోయింది, కారు స్పీకర్ 4 దగ్గర స్థిరపడింది. 4 అనేది ఎవరో పెద్దమనిషి పెట్టిన నియమం కాదు, బ్యాటరీ పెట్టిన నియమం.

తర్వాత ఇంకో ఉపాయం వచ్చింది. ఒకే స్పీకర్‌కి రెండు వైపులా రెండు ఆంప్లిఫయర్లు పెట్టి, ఒకటి నెడుతుంటే ఇంకోటి లాగేలా చేసారు. దీన్నే బ్రిడ్జ్ చేయడం అంటారు. వోల్టేజ్ రెండింతలైతే శక్తి నాలుగింతలు. 6 వాట్లు కాస్తా లెక్క ప్రకారం 26 అవుతాయి. కానీ బ్రిడ్జ్ చేసినప్పుడు 4 ఓమ్‌ల స్పీకర్ ఒక్కో వైపు ఆంప్లిఫయర్‌కి 2 ఓమ్‌లుగా కనిపిస్తుంది. ఊరికే ఏదీ రాదు.

సబ్‌వూఫర్ వచ్చింది, వైబ్రేటర్ తిరిగొచ్చింది

లోతైన చప్పుడుకి, అంటే సెకనుకి 20 నుంచి 80, 100 కంపనాల దాకా, చాలా గాలి నెట్టాలి. 26 వాట్లు ఏ మూలకీ చాలవు. 1974లో "ఎర్త్‌క్వేక్" సినిమాకి హాల్లో కుర్చీలు అదిరేలా సెన్సరౌండ్ అనే పద్ధతి పెట్టారు. లోతు శబ్దాన్ని ఒంటితో వినొచ్చని అప్పుడు జనానికి రుచి తెలిసింది. ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్ 1961లో, తర్వాత 1970లలో రిచర్డ్ స్మాల్, స్పీకర్‌కి ఎంత పెట్టె కావాలో ముందే లెక్కగట్టే పద్ధతి ఇచ్చారు. ఈ రోజు సబ్‌వూఫర్ అట్టపెట్టె మీద వచ్చే అంకెల పట్టికని థీల్-స్మాల్ పట్టిక అనే అంటారు.

కారులో వోల్టేజ్ ఎక్కడి నుంచి తేవాలి? వైబ్రేటర్ చేసిన పనే మళ్ళీ చేసారు. ఈసారి కొట్టుకునే రేకు బదులు ట్రాన్సిస్టర్లు. అవి 12 వోల్టులని సెకనుకి వేలసార్లు తెగ్గొట్టి, చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌లోకి పంపి, పైకి లేపుతాయి. సీటు కింద పెట్టే ఆంప్లిఫయర్ డబ్బాలో సగం ఈ పనికే ఉంటుంది. నేను కాల్చిన డబ్బా విప్పి చూస్తే గాజులా గుండ్రంగా తీగ చుట్టినది ఒకటి కనిపించింది. అదే ఆ ట్రాన్స్‌ఫార్మర్.

వోల్టేజ్ దొరికాక కూడా ఓమ్‌లు తగ్గించే అలవాటు పోలేదు, ఇంకా పెరిగింది. 1980ల చివర, 1990లలో అమెరికాలో కారు సౌండు పోటీలు జోరుగా జరిగేవి. ఆంప్లిఫయర్ మీద 4 ఓమ్‌ల దగ్గర ఎన్ని వాట్లు రాసి ఉందో చూసి కార్లని తరగతులుగా విడదీసేవాళ్ళు. కంపెనీలు ఇందులో సందు కనిపెట్టాయి. ఓరియన్ కంపెనీ "225 హెచ్‌సీసీఏ" ఆంప్లిఫయర్ మీద ఒక్కో వైపు 25 వాట్లు అని ఉండేది. చూడ్డానికి బక్కది. కానీ దాన్ని ఒక ఓమ్ కంటే తక్కువ లోడుకి తట్టుకునేలా కట్టారు. లెక్క చూడండి: 4 ఓమ్‌ల మీద 25 వాట్లంటే 10 వోల్టులు. అవే 10 వోల్టులు అర ఓమ్ మీద పెడితే 200 వాట్లు. తక్కువ బరువు తరగతిలో పేరు రాయించుకుని, బరిలోకి పెద్ద పహిల్వాన్‌లా దిగడం అన్నమాట.

ఒకే సబ్‌వూఫర్‌లో రెండు కాయిల్స్ పెట్టడం కూడా కారుల్లో ఇలాగే పాకింది. రెండు కాయిల్స్ ఉంటే కావలసినట్టు ఓమ్‌లు పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. చివరికి 2003లో అమెరికా కంపెనీల సంఘం ఒక కొలత పెట్టింది. కారు ఆంప్లిఫయర్ వాట్లు చెప్పాలంటే 14.4 వోల్టుల దగ్గర, 4 ఓమ్‌ల మీద, వక్రీకరణ 1 శాతం దాటకుండా కొలిచి చెప్పాలి. దానికి ఒప్పుకున్న కంపెనీలే ఆ ముద్ర వేసుకుంటాయి. మన సంతల్లో దొరికే డబ్బాల మీద "5000 వాట్లు" అని రాసి ఉంటే, ఎన్ని ఓమ్‌ల దగ్గర, ఎన్ని వోల్టుల దగ్గర అని అడగండి.

ఇప్పుడు మా జీపు దగ్గరికి

ఇంత చదివాక నా తప్పు నాకే కనిపించింది. మా ఆంప్లిఫయర్ ఒకే చానల్‌ది, గీత 2 ఓమ్‌లు. అంటే 2 కంటే కిందికి పోకూడదు. మా సబ్‌వూఫర్లు రెండు, ఒక్కోదాంట్లో రెండు కాయిల్స్, ఒక్కో కాయిల్ 4 ఓమ్‌లు. మొత్తం నాలుగు కాయిల్స్.

పదో తరగతి పాఠం గుర్తు చేసుకోండి. సిరీస్ అంటే శ్రేణి, ఓమ్‌లు కూడుకుంటాయి. పారలల్ అంటే సమాంతరం, ఓమ్‌లు తగ్గుతాయి. ఒకేలాంటివి నాలుగు పారలల్‌లో పెడితే నాలుగో వంతు. ఎర్రవన్నీ ఒక దగ్గర, నల్లవన్నీ ఒక దగ్గర కలపడం అంటే అదే పని. 4 ÷ 4 = 1 ఓమ్. గీత 2 దగ్గర ఉంటే నేను 1 పెట్టాను.

అప్పుడేమైంది? మా ఆంప్లిఫయర్ 2 ఓమ్‌ల మీద 500 వాట్లు ఇస్తుందని రాసి ఉంది. అంటే సుమారు 31.6 వోల్టులు, కరెంటు దాదాపు 16 ఆంపియర్లు. 1 ఓమ్ పెడితే అదే వోల్టేజ్‌కి 32 ఆంపియర్లు. లోపలి ట్రాన్సిస్టర్లు 16 మోయడానికి కట్టినవి, 32 మీద పడింది. మంచి డబ్బా అయితే తనంతట తనే ఆగిపోతుంది. మాది ఆగలేదు, కాలింది.

మరి ఆ సబ్‌వూఫర్లతో సరిగ్గా 2 ఓమ్‌లు తేవచ్చా? నాలుగు కాయిల్స్‌నీ సమానంగా వాడుతూ ఎన్ని రకాలుగా కలపొచ్చో కాగితం మీద గీసి చూసాను. అన్నీ సిరీస్ అయితే 16. అన్నీ పారలల్ అయితే 1. రెండేసి సిరీస్ కట్టి ఆ రెండింటినీ పారలల్ చేస్తే 8, 8 కలిసి 4. రెండేసి పారలల్ కట్టి వాటిని సిరీస్ చేసినా 2 + 2 = 4. అంతే. 16, 4, 1. ఇందులో 2 లేదు. అంటే నా తప్పు వైర్లు కలిపినప్పుడు మొదలవలేదు, షాపు కౌంటరు దగ్గరే మొదలైంది. 2 ఓమ్‌ల ఆంప్లిఫయర్‌కి, 2 ఓమ్‌ల జంట కాయిల్స్ ఉన్న సబ్‌వూఫర్లు రెండు కొనాల్సింది. వాటిని రెండేసి సిరీస్ కడితే 4, 4 వస్తాయి. వాటిని పారలల్ చేస్తే 2.

ఇంకో సంగతి నాకు ఎక్కువ బాధ పెట్టింది. మా దగ్గర ఉన్న సామాన్లనే 4 ఓమ్‌లకి కట్టి ఉంటే 250 వాట్లు వచ్చేవి. సగమే కదా అనిపిస్తుంది. కానీ చెవి వాట్లని అలా లెక్కపెట్టదు. శక్తి సగమైతే తగ్గేది 3 డెసిబెల్సే. విన్నవాడు "కొంచెం తగ్గింది" అంటాడు, అంతే. రెండింతలు గట్టిగా అనిపించాలంటే సుమారు పది రెట్లు వాట్లు కావాలి. అంటే ర్యాలీలో ఎవరికీ పెద్దగా తెలియని ఆ కాస్త సౌండు కోసం మామ డబ్బు, పిల్లల చందా పొగ చేసాను.

కట్టేవాళ్ళకి నాలుగు మాటలు

ఒకటి. ముందు ఆంప్లిఫయర్ గీత ఎంతో చూడండి. బ్రిడ్జ్ చేస్తే ఆ గీత వేరే ఉంటుంది, సాధారణంగా 4. సబ్‌వూఫర్లు ఎన్ని, కాయిల్స్ ఎన్ని, ఒక్కోటి ఎన్ని ఓమ్‌లు, కాగితం మీద రాసుకుని, ఆ తర్వాతే కొనండి.

రెండు. వైర్లు కలిపాక ఆంప్లిఫయర్‌కి పెట్టే ముందు ఆ రెండు కొసల మధ్య మల్టీమీటరు పెట్టండి. లెక్క 4 అయితే 3.5 చుట్టూ చూపించాలి. 1 కంటే తక్కువ చూపిస్తే ఆగిపోండి, ఎక్కడో తప్పు ఉంది. మల్టీమీటరు ధర కాలిన ఆంప్లిఫయర్ ధర ముందు ఏమీ కాదు.

మూడు. సిరీస్ కట్టేటప్పుడు ఒక కాయిల్ నల్లది రెండోదాని ఎర్రదానికి కలవాలి. ఒకటి తిరగబడితే ఒక కాయిల్ ముందుకి, ఇంకోటి వెనక్కి లాగుతాయి, దెబ్బ వినిపించదు. అనుమానం ఉంటే గడియారం సెల్లు ఒకటి తీసుకుని ప్లస్‌ని ఎర్రదానికి ఒక్క క్షణం తాకించండి. గిన్నె బయటికి రావాలి. రెండు సబ్‌వూఫర్లూ ఒకే వైపు కదలాలి.

నాలుగు. బ్యాటరీ నుంచి వచ్చే ఎర్ర వైరుకి, బ్యాటరీకి మూరెడు దూరం లోపే ఫ్యూజు పెట్టండి. ఆంప్లిఫయర్ పక్కన కాదు. వైరు మధ్యలో ఎక్కడ రాసుకుపోయి బాడీకి తగిలినా జీపు తగలబడకుండా కాపాడేది అదే. 500 వాట్లు ఇచ్చే డబ్బా, 80 శాతం సామర్థ్యం అనుకుంటే, పూర్తి జోరు మీద బ్యాటరీ నుంచి 43 ఆంపియర్లు లాగుతుంది. ఇంటి బల్బుకి వాడే వైరు దానికి చాలదు.

సంక్రాంతి సెలవులకి వెళ్ళినప్పుడు మామ ఇంకో ఆంప్లిఫయర్ అప్పుగా తెచ్చి పెట్టాడు. "ఈసారి షాపోడిని పిలుద్దామా?" అని అడిగాడు. వద్దన్నాను. నాలుగు కాయిల్స్ బొమ్మ గీసి, 16, 4, 1 ఎలా వస్తాయో మామకి చూపించాను. మామ బడికెళ్ళలేదు గానీ, కాఫీ గింజలు తూకంలో ఎవడు ఎక్కడ కొడతాడో చిటికెలో చెప్తాడు. రెండు నిమిషాలు బొమ్మ చూసి, "అంటే పక్కపక్కన దారులు పెంచితే నీళ్ళు ఎక్కువ పోతాయి, ఒకదాని వెనక ఒకటి పెడితే తక్కువ పోతాయి, అంతేగా?" అన్నాడు. అంతే మామా, అన్నాను. మీటరు పెట్టాం. 3.6 చూపించింది. అప్పుడు బ్యాటరీ కలిపాం.

మీ ఊళ్ళో కట్టిన బాక్సుల లెక్క తేలకపోతే సబ్‌వూఫర్లు ఎన్ని, కాయిల్స్ ఎన్ని, ఓమ్‌లు ఎన్ని, ఆంప్లిఫయర్ గీత ఎంత అని కింద రాయండి. కలిసి లెక్క వేద్దాం.

జై ఆదివాసీ.